దినాలు అయిపోయాక ఆ ఇంటికి వెళ్లండి: అప్పుల బాధతో చనిపోయిన రైతు భార్యకు తోడుగా నిలబడటం ఎలా

ఊళ్లో ఒక రైతు ఆత్మహత్య చేసుకుంటే మనం మాట్లాడుకునేదంతా ఆయన గురించే. ఎన్నెకరాలు, ఎంత అప్పు, పత్తి ఎందుకు పోయింది, బోరు ఎన్ని ఫీట్లు వేసినా నీళ్లు ఎందుకు పడలేదు. పేపర్లో ఆయన పాస్‌పోర్టు ఫొటో వస్తుంది, వార్త చివర "మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు" అని ఒక లైన్ ఉంటుంది, చాలాసార్లు ఆమె పేరు కూడా ఉండదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది ఇలా చనిపోయారు, అందులో రైతులకంటే కూలీల సంఖ్యే ఎక్కువ. వాళ్లలో అత్యధికులు మగవాళ్లు కాబట్టి ప్రతి ఏడాదీ కొన్ని వేల మంది ఆడవాళ్లు ఒక్కసారిగా అప్పుకీ, పొలానికీ, పిల్లలకీ ఒంటరిగా బాధ్యులవుతున్నారు. వాళ్ల మనసు ఏమైందని అడిగేవాళ్లు లేరు.

ఇది ఆమె పక్కన ఉండగలిగిన వాళ్ల కోసం రాస్తున్నాను. మీరు ఆమె అన్నో తమ్ముడో కావచ్చు, ఆడబిడ్డ కావచ్చు, పక్కింటి మనిషి కావచ్చు, మహిళా సంఘం లీడర్, ఆశా కార్యకర్త, ఆ పిల్లల బడి టీచర్ కావచ్చు. మీరు డాక్టర్ కానక్కర్లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: మొదటి పది రోజులు ఇల్లంతా జనం ఉంటారు, దినాలు అయిపోయిన మర్నాడు టెంటు విప్పేసి అందరూ వెళ్లిపోతారు, అసలు మనిషి అవసరం పడేది అప్పుడే. ఇంకొక మాట, ఇలాంటి ఇళ్లలో తిరిగిన వాళ్లెవరినడిగినా ఇదే చెబుతారు, ఆమె మనసు కుదుటపడాలంటే "ధైర్యంగా ఉండు" అనే మాటకంటే ముందు అప్పుల లెక్క తేలాలి, కాగితాలు కదలాలి. మనసు సంగతి వేరు, కాగితాల సంగతి వేరు అనుకోవద్దు. ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టనిది సగం దుఃఖంతో, సగం పొద్దున ఎవరొచ్చి తలుపు కొడతారో అన్న భయంతో.

మొదటి పది రోజుల్లో

ఈ రోజుల్లో మీరు చేయాల్సిన పనులు తక్కువే కానీ అవి తప్పితే తర్వాత దిద్దుకోవడం కష్టం. మొదటిది పోలీసు ఫిర్యాదు. భర్త శవం ఆస్పత్రిలో ఉండగా, ఆమె స్పృహలో ఉందో లేదో తెలియని పరిస్థితిలో, ఎవరో తెల్ల కాగితం మీద రాసి ఆమె చేత వేలిముద్రో సంతకమో పెట్టిస్తారు. దాంట్లో "కడుపునొప్పి భరించలేక" అనో "కుటుంబ కలహాలతో" అనో రాసి ఉంటే ఆరు నెలల తర్వాత పరిహారం ఫైలు అక్కడే ఆగిపోతుంది. అబద్ధం రాయించమని నేను చెప్పట్లేదు. ఉన్నది ఉన్నట్టు, అప్పులెన్ని, ఎవరి దగ్గర, ఏ పంట పోయింది, కౌలుకు ఎంత భూమి చేస్తున్నాడు, ఇవన్నీ రాయించాలి. చదవగలిగిన మనిషి ఒకరు పక్కన కూర్చుని, సంతకం పెట్టేముందు ఆమెకు పైకి చదివి వినిపించాలి. ఆ తర్వాత ఎఫ్‌ఐఆర్ కాపీ అడగండి, ఫిర్యాదు చేసినవాళ్లకు అది ఉచితంగా ఇవ్వాలి.

రెండోది గాజులు పగలగొట్టి బొట్టు తీసే తంతు. ఆమెకు ఇష్టం లేకపోతే అది ఆపడానికి ఇంట్లో ఒక్క పెద్దమనిషి గట్టిగా మాట్లాడితే చాలు, ఆ ఒక్కరు మీరే అవ్వండి. అప్పటికే సగం చచ్చిపోయి ఉన్న మనిషిని నలుగురి ముందు కూర్చోబెట్టి చేసే ఆ పని వల్ల పోయినవాడికి వచ్చేదేమీ లేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ 2022 మే నెలలో ఈ తంతులన్నీ మానేస్తున్నామని తీర్మానం చేసింది, ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం మిగతా పంచాయతీలను కూడా అదే దారిలో నడవమని చెప్పింది. పంచాయతీ దాకా వెళ్లకపోయినా ఒక ఇంట్లో మనం ఆపగలం. ఆమే కావాలంటే మాత్రం వాదించకండి, అది ఆమె నమ్మకం.

అప్పులు, కాగితాలు

దినాలు అయ్యాక మూడు నాలుగు రోజులు ఆగి వెళ్లండి. ఒక నోట్‌బుక్ తీసుకుని వెళ్లండి. చాలా ఇళ్లలో అప్పు ఎంతో భార్యకు పూర్తిగా తెలియదు, ఆయన చెప్పలేదు, తర్వాత ఒక్కొక్కరూ వచ్చి "నాకింత, నాకింత" అంటుంటే ఆమెకు అందరి మాటా నమ్మాల్సి వస్తుంది. బ్యాంకు పంట రుణం, సొసైటీ, బంగారం కుదువ, ఎరువుల దుకాణం ఖాతా, ఫైనాన్స్ కంపెనీ, ప్రైవేటు వడ్డీకి తెచ్చినవి, చుట్టాల చేబదుళ్లు, సంఘంలో ఆమె పేరు మీద తీసుకున్న లోను, ఇవన్నీ వేరువేరుగా రాయండి. ప్రతి దానికీ ఎదురుగా కాగితం ఉందా లేదా, సంతకం ఎవరిది, అసలెంత, మిత్తి ఎంత. ఒక్క పూటలో అయిపోదు. ఆమె అలిసిపోతే ఆపేసి టీ తాగి రండి, మళ్లీ వెళ్లండి.

ఈ లెక్కతో పాటు ఆమెకు స్పష్టంగా చెప్పాల్సిన చట్టం సంగతి ఒకటుంది, ఎందుకంటే చాలామంది ఆడవాళ్లకు ఇది తెలియక తాళిబొట్టు దాకా అమ్మేస్తున్నారు. భర్త చేసిన అప్పుకి భార్య తన సొంత సంపాదనలోంచి కట్టాల్సిన పని లేదు, ఆమె కూడా సంతకం పెట్టో జామీను ఉండో ఉంటే తప్ప. ఆయన ఆస్తి ఏదైనా ఆమెకూ పిల్లలకూ వస్తే ఆ ఆస్తి విలువ మేరకే అప్పులవాళ్లు అడగగలరు. తండ్రి అప్పు కొడుకు తీర్చి తీరాలన్న పాత ధర్మాన్ని బట్టి కోర్టులు బాకీ వసూలుకు ఒప్పుకోవడం 2005 హిందూ వారసత్వ సవరణ చట్టంతో ఆగిపోయింది, ఆ తర్వాత చేసిన అప్పులకు అది వర్తించదు. ప్రామిసరీ నోటు రాసిన తేదీ నుంచి మామూలుగా 3 ఏళ్ల లోపు కోర్టుకి వెళ్లకపోతే గడువు దాటిపోతుంది, కానీ మధ్యలో ఆమె చేత "బాకీ ఉన్నాను" అని కొత్తగా రాయించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. కాబట్టి దుఃఖంలో ఉన్న మనిషి చేత కొత్త నోటు మీద సంతకం పెట్టించడానికి ఎవరొచ్చినా "అన్న వచ్చాక మాట్లాడతాం" అని ఒక్క మాట చెప్పి పంపేయమనండి. ఆ అన్న మీరైతే నిజంగా వెళ్లి మాట్లాడండి.

అప్పులవాళ్లు అందరూ దుర్మార్గులు కారు, వాళ్లలో కూడా కూతురి పెళ్లికి దాచుకున్న డబ్బు ఇచ్చిన చిన్న రైతులుంటారు. వాళ్లను ఊరి పెద్దల సమక్షంలో ఒకేసారి కూర్చోబెట్టి, పరిహారం వస్తే ఎవరికెంత, అప్పటిదాకా మిత్తి ఆపడం ఎలా అని మాట్లాడితే సగం గొడవ తగ్గుతుంది. రాత్రిపూట ఫోన్లు చేసేవాడు, ఇంటికొచ్చి అసహ్యంగా మాట్లాడేవాడు, "డబ్బు లేకపోతే ఇంకోలా తీర్చు" అనేవాడు ఉంటే అది అప్పు గొడవ కాదు, నేరం. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి గానీ జిల్లాలో ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రానికి గానీ చెప్పండి, అత్యవసరమైతే 112. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కి ఫోన్ చేసినా, జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లినా లాయర్‌ను పెడతారు.

ఇప్పుడు రావాల్సిన డబ్బు సంగతి. తెలంగాణలో సొంత పట్టా భూమి ఉండి, ఆయన వయసు 18 నుంచి 59 మధ్య ఉండి, పేరు నమోదై ఉంటే రైతు బీమా కింద 5 లక్షలు నామినీకి వస్తాయి. 2018లో మొదలైన ఈ పథకంలో చావుకి కారణం ఏదైనా అడ్డు లేదు. దానికి వ్యవసాయ విస్తరణ అధికారిని కలవండి, మరణ ధ్రువీకరణ పత్రం త్వరగా తీయించండి. కౌలు రైతు అయితే ఈ బీమా లేదు, ఇక్కడే పెద్ద అన్యాయం జరుగుతోంది. 2018లో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, రైతు స్వరాజ్య వేదిక కలిసి తెలంగాణలో 692 కుటుంబాల దగ్గరికి వెళ్లి చేసిన సర్వేలో చనిపోయినవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది కౌలుకు చేసేవాళ్లేనని తేలింది. అంటే ఎక్కువ మంది చనిపోతున్న వర్గానికే బీమా లేదు.

ఆత్మహత్యలకు విడిగా ఇచ్చే ప్రభుత్వ పరిహారం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో జీవో 421తో లక్షన్నరగా మొదలైంది, తెలంగాణలో 2015లో 6 లక్షలు చేశారు, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 7 లక్షలు చేశారు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ విచారించి, ఇది వ్యవసాయ కారణాల వల్లేనని తేల్చాలి. కౌలు రైతు కుటుంబం కూడా అడగొచ్చు, కానీ కౌలు చేశాడని రుజువు కావాలి, భూమి యజమాని సంతకం పెట్టడానికి భయపడతాడు, రేపు భూమి మీద హక్కు అడుగుతారేమోనని. ఆయన్ని బతిమాలడం ఆమె పని కాదు, సర్పంచ్‌నో ఆయన స్నేహితుడినో తీసుకుని మీరు వెళ్లండి. పక్క పొలాల రైతుల వాంగ్మూలాలు, ఎరువుల బిల్లులు, పత్తి మిల్లు పట్టీలు, మార్కెట్ యార్డు రసీదులు, ఏవి దొరికితే అవి ఒక కవర్లో వేయండి. ఫైళ్లు ఏళ్లు పడతాయి, అది ఆమెకు ముందే చెప్పండి, "వచ్చే నెలలో వస్తాయి" అని ఆశ పెట్టకండి. ప్రతి ఆశ విరిగినప్పుడల్లా ఆమె ఇంకొంచెం కుంగుతుంది.

ఇవిగాక వితంతు పింఛను, కుటుంబ పోషకుడు పోయిన పేద ఇళ్లకు ఇచ్చే 20,000 కేంద్ర సాయం, పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య కింద ఎంపికైతే ఒక్కో బిడ్డకు నెలకు 4,000 ఉన్నాయి, ఈ చివరిది జిల్లా బాలల సంరక్షణ విభాగం ద్వారా వస్తుంది, గ్రామీణ కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. సొంత భూమి ఉంటే ఫౌతీ, అంటే ఆయన పేరు మీదున్న భూమిని వారసుల పేరు మీదికి మార్పించడం, ఆలస్యం చేయకండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే ఆయన తల్లి, వీళ్లందరిదీ సమాన వాటా, బావగారిదీ మరిదిదీ కాదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి.

ఆఫీసుకి ఆమెను ఒంటరిగా పంపకండి. ఆఫీసులో "ఎలా చనిపోయాడు?" అని ప్రతి టేబుల్ దగ్గరా అడుగుతారు, ప్రతిసారీ ఆమె మొదటి నుంచి చెప్పాలి. మీరు పక్కన ఉంటే ఆ జవాబు మీరు చెప్పొచ్చు.

ఏం మాట్లాడాలి

చాలామంది వెళ్లకపోవడానికి కారణం ఏం మాట్లాడాలో తెలియకపోవడమే. మాట్లాడక్కర్లేదు. చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని తుంచండి. ఆమె మాట్లాడితే వినండి, చెప్పిందే మళ్లీ చెబుతుంది, ఆ రోజు పొద్దున ఏం కూర వండింది, ఆయన ఏమన్నాడు, తను ఏమంది, అన్నీ. పదోసారి చెప్పినా మొదటిసారి విన్నట్టు వినాలి.

అనకూడని మాటలు మాత్రం చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతోనే అంటుంటారు. "నువ్వైనా కనిపెట్టలేదా?" ఇది అన్నిటికంటే క్రూరమైనది, ఆమె తనను తాను ఆ ప్రశ్నే రోజూ అడుగుతోంది. "పిల్లల మొహం చూసైనా ఆగలేకపోయాడు" అనకండి, పిల్లలు వింటున్నారు. "ఏడవకు, నువ్వే ఇలా అయితే ఎలా" అంటే ఆమె మీ ముందు ఏడవడం మానేస్తుంది, అంతే. "మా దగ్గరి చుట్టంలో కూడా ఒకాయన..." అని ఇంకో చావు కథ మొదలుపెట్టకండి. ఊళ్లో ఆ ముందు రోజు మొగుడూ పెళ్లాల గొడవ గురించి గుసగుసలుంటాయి, చాలా ఇళ్లలో ఆ గొడవ నిజమే కూడా, పుస్తెలు కుదువపెట్టాడనో ఫీజు కట్టలేదనో ఆమె ఏదో అని ఉంటుంది. ఆ మాట ఆమె మీ దగ్గర బయటపెడితే కొట్టిపారేయకండి. "నా మాటకే పోయిండు అక్కా" అంటే, "నువ్వు అన్నది ప్రతి ఇంట్లో అనే మాటే చెల్లె, ఆయన మీద అప్పటికే ఎంత బరువుందో నీకు చెప్పలేదు కదా" అనొచ్చు. ఒక్క మాట మనిషిని చంపదు. ఇలాంటి చావు వెనక అప్పు, అవమానం, నిద్రలేమి, చాలాసార్లు తాగుడు, వైద్యం అందని డిప్రెషన్, చేతికి అందేంత దూరంలో పురుగుమందు, ఇన్ని కలిసి ఉంటాయి. ఇది ఆమెకు ఒక్కసారి చెబితే సరిపోదు, ఏడాది పొడుగునా చెప్పాలి.

ఆమెకు ఆయన మీద కోపం వస్తుంది. "నన్ను వదిలేసి పోయిండు, సుఖపడ్డడు" అంటుంది. పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడి "పోయినోళ్ల గురించి అట్ల అనొద్దు" అంటారు. అననివ్వండి. ప్రేమ ఉంది కాబట్టే ఆ కోపం, లోపల దాచుకుంటే అది తన మీదికే తిరుగుతుంది.

ఒంట్లో బాగాలేదు అంటే

మన ఊళ్లలో ఆడవాళ్లు "నాకు డిప్రెషన్ ఉంది" అనరు. గుండె దడదడ అంటున్నది, తల బరువు, కాళ్లు గుంజుతున్నయి, ఒళ్లంతా మంటలు, బుక్క పోతలేదు అంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే నీరసం అని ఒక సెలైన్ ఎక్కిస్తాడు, లేదా నిద్ర మాత్రలు ఇస్తాడు. సెలైన్‌తో ఆ పూట తేలికగా అనిపిస్తుంది, డబ్బులు పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది. నిద్ర మాత్రలు డాక్టర్ చూపు లేకుండా వారాల తరబడి వాడితే అలవాటైపోతాయి, అదీగాక ఆ ఇంట్లో అలాంటి మాత్రలు గుట్టగా ఉండటం మంచిది కాదు.

దుఃఖం జబ్బు కాదు. మొదటి నెలల్లో ఏడవడం, నిద్ర పట్టకపోవడం, ఆయన గొంతు వినపడినట్టు అనిపించడం మామూలే, ఆయన గొంతు విన్నానంటే దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి లాక్కెళ్లకండి. కానీ వారాలు గడుస్తున్నా కొంచెం కూడా తేలిక లేకపోతే, స్నానం చేయకుండా, తిండి మానేసి, పిల్లల్ని పట్టించుకోకుండా గోడవైపు తిరిగి పడుకుంటుంటే, రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండెల్లో గుబులు పుడుతుంటే, తను ఎందుకూ పనికిరానిదాన్నని పదేపదే అంటుంటే డాక్టర్‌కి చూపించాలి. తెలంగాణలో ఇప్పుడు దాదాపు ప్రతి జిల్లాలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, దాని ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఎర్రగడ్డ, విశాఖల్లోని పెద్ద మానసిక ఆస్పత్రుల పేరు చెబితే జనం భయపడతారు, అక్కడిదాకా పోవాల్సిన అవసరం చాలామందికి రాదు. "పిచ్చాసుపత్రి" అన్న మాటే ఎత్తకండి, "నిద్ర పట్టట్లేదు కదా, నిద్ర డాక్టర్‌ని అడుగుదాం" అంటే వస్తుంది, లోపలికి వెళ్లాక డాక్టర్‌తో అన్నీ చెప్పించండి.

డిప్రెషన్ మాత్రలు వేసిన రోజే పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ముందు వికారం, నోరెండిపోవడం లాంటివి వస్తాయి, తర్వాత గుణం కనిపిస్తుంది. అందుకే చాలామంది మొదటి వారంలోనే పారేస్తారు. మీరు ఈ మాట ముందే చెబితే ఆమె ఆగుతుంది. బాగైందని తనంతట తను ఆపేయకూడదు, నెలల పాటు వాడాల్సి ఉంటుంది, ఆపేది డాక్టర్ చెప్పినట్టు మెల్లగా. నెలనెలా మందులకు వెళ్లే రోజు కూలి పోతుంది, బస్సు టికెట్ సంగతి సరే గానీ పొలం పని రోజుల్లో ఆ కూలీ పెద్ద విషయం, ఆ రోజు ఆమె పనికి మీ ఇంట్లోంచి ఒకరు బదులు వెళ్లగలిగితే అది కూడా వైద్యంలో భాగమే.

ఇంకొకటి. కొన్ని ప్రాంతాల్లో, ముఖ్యంగా పాలమూరు, నిజామాబాద్ వైపు, ఆడవాళ్లకు కూడా సాయంత్రం కల్లు అలవాటు ఉంటుంది, అందులో మత్తు మందు కలిపినది చాలా ఉంది. దుఃఖంలో అది పెరుగుతుంది. మీరు కోపంతో ఒక్కసారిగా మాన్పించారంటే చేతులు వణకడం, పొంతనలేని మాటలు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి రావచ్చు. మాన్పించేది ఆస్పత్రిలో, డాక్టర్ దగ్గర.

చచ్చిపోవాలనిపిస్తోందని అంటే

అడగండి. సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా చెల్లె?" అని అడిగితే లేని ఆలోచన వస్తుందేమో అన్న భయం చాలామందికి ఉంది, అది నిజం కాదని పరిశోధనలు ఎన్నోసార్లు తేల్చాయి. అడిగితే మనిషి కొంత తేలికపడుతుంది, ఎందుకంటే ఆ మాట అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేకపోయింది. అవునంటే అరవకండి, ఒట్లు వేయించుకోకండి. ఎప్పటినుంచి అనిపిస్తోంది, ఏదైనా చేయాలని అనుకున్నావా అని మెల్లగా అడగండి. ఏదో అనుకుని పెట్టుకుందంటే ఆ రాత్రి ఆమెను ఒంటరిగా ఉంచొద్దు, అక్కచెల్లెళ్లలో ఒకరు పక్కన పడుకోవాలి, మర్నాడే ఆస్పత్రికి. ప్రమాదం అప్పుడే ఉందనిపిస్తే తెల్లారేదాకా కూడా ఆగొద్దు, 108కి చేయండి.

ఫోన్‌లో సాయం కావాలంటే 14416, టెలీమానస్. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. ఆమె చేయలేకపోతే మీరు చేసి ఏం చేయాలో అడగొచ్చు.

అన్నిటికంటే ముందు, దినాలు కాకముందే, ఇంట్లో మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ తీసేయండి. ఆయన వాడగా మిగిలినవి పశువుల కొట్టంలో, అటక మీద, బావి దగ్గర షెడ్డులో ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. తర్వాత ఆమె సాగు చేయాల్సి వస్తే మందు ఎంత కావాలో అంతే తెచ్చుకోవాలి, నిల్వ ఇంట్లో వద్దు, తాళం ఉన్న చోట, తాళంచెవి వేరే మనిషి దగ్గర. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఊళ్లలో చెన్నైకి చెందిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ బృందం ఇదే పద్ధతి పెట్టి చూసింది. రైతులందరి మందులూ ఊరికి ఒకచోట, ఎవరి పెట్టెకు వాళ్ల తాళం, అడిగి తీసుకెళ్లాలి. శ్రీలంక ప్రమాదకరమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. చావాలన్న తలంపు చాలామందిలో కొద్దిసేపు ఉధృతంగా ఉండి దిగిపోతుంది, ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే మనిషి బతుకుతుంది. మన ఊరి సొసైటీ గోదాములో ఒక గది దీనికి ఇవ్వమని పంచాయతీలో అడగొచ్చు.

ఆత్మహత్యాయత్నం చేస్తే కేసవుతుందని భయపడి ఆస్పత్రికి తీసుకెళ్లనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టంలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పిల్లలు

పిల్లలకు నిజం చెప్పాలి. "నాన్న ఊరెళ్లాడు" అంటే బడిలో ఇంకో పిల్లాడు చెప్పేస్తాడు, అప్పుడు అమ్మ మీద నమ్మకం పోతుంది. ఆరేళ్ల బిడ్డకు "నాన్న మనసుకు పెద్ద జబ్బు చేసింది, ఆ బాధలో చనిపోయాడు, నీ తప్పేం లేదు" అంటే చాలు. ఆ చివరి మాట తప్పకుండా చెప్పండి, సైకిల్ కొనమని అడిగాను అందుకే పోయాడు అనుకునే పిల్లలుంటారు. పెద్ద కొడుకు వీపు తట్టి "ఇక ఇంటికి పెద్దవి నువ్వే" అనడం మానేయండి, పద్నాలుగేళ్లవాడు ఆ మాటకే బడి మానేసి హార్వెస్టర్ మీద హెల్పర్‌గా వెళ్లిపోతాడు.

టీచర్లకు ఒక మనవి. ఆ పిల్ల పక్క తడుపుతోందనో, వాడు కొట్లాడుతున్నాడనో తెలిస్తే శిక్షించకండి, నలుగురిలో "వీళ్ల నాన్న ఆత్మహత్య చేసుకున్నాడు" అని పరిచయం చేయకండి. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో తండ్రి లేనివాళ్లకు ప్రాధాన్యం ఉంది. కాకపోతే తండ్రి పోయిన నెలలోనే బిడ్డను హాస్టల్‌కి పంపితే దానికి ఇల్లు కూడా పోయినట్టే, వీలైతే ఆ విద్యా సంవత్సరం అమ్మ దగ్గరే ఉండనివ్వండి.

సంఘం, పండుగ, మళ్లీ వానాకాలం

సంఘం మీటింగ్‌లో ఆమె కిస్తీ సంగతి నలుగురి ముందు ఎత్తకండి, కొన్ని నెలల వాయిదా గురించి లీడర్ ముందే బ్యాంకుతో మాట్లాడి ఉంచాలి. బోనాలకు, బతుకమ్మకు, పక్కింటి పెళ్లికి ఇంటికెళ్లి పిలవండి, రాకపోయినా పిలవండి. ఎదురొస్తే అపశకునమని పక్కకు తప్పుకునే ముసలమ్మను మీరు అందరి ముందు ఆపాలి, ఆమె ఆపలేదు.

క్యాలెండర్‌లో కొన్ని రోజులు గుర్తుపెట్టుకోండి. సంవత్సరీకం ఒకటి. మృగశిర కార్తె రాగానే ఊరంతా విత్తనాల హడావుడి మొదలైనప్పుడు ఒకటి, ఎందుకంటే ఆ సాగు ఆయనతోనే చేసింది, ఇప్పుడు దుకాణంలో ఉద్దెర ఇస్తారో లేదో తెలియదు. బ్యాంకు నోటీసులు వచ్చే నెలలు. ఈ రోజుల ముందు రోజే వెళ్లండి.

మీరు దూరంగా ఉంటే, దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో, డబ్బు పంపి ఊరుకోకండి. వారంలో ఒక రోజు, ఒక టైం అనుకుని ఆ టైంకి ఫోన్ చేయండి, ఆమె ఆ ఫోన్ కోసం చూస్తుంది కాబట్టి తప్పించకండి. పైన చెప్పిన కాగితాల్లో ఆన్‌లైన్‌లో చూడగలిగినవి, ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోగలిగినవి మీరు తీసుకోండి, ఊళ్లో ఒక మనిషిని మాట్లాడి పెట్టుకుని ఆమెతో మండలానికి వెళ్లే పని వాళ్లకు అప్పజెప్పండి, వాళ్ల కూలీ మీరు ఇవ్వండి. పంపే డబ్బు మరిది ఖాతాలో కాకుండా ఆమె పేరు మీదున్న ఖాతాలోనే వేయండి, ఖాతా లేకపోతే ముందు అది తెరిపించండి.